యంత్రమునకు గొంతు నిచ్చిన ఉద్యోగి

(సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన సభలలో ఏటేట త్యాగరాజస్వామిని, క్షేత్రయ్యను, అన్నమాచార్యుని స్మరించుకొనుట ఆచారము. ఆ ఆచారమును శిరసావహించుచునే, ఈ సాయంకాలము మరియొక సంగీతకర్తను గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు కార్యవర్గమువారి అనుమతి కోరితిని. వారు దయతో అంగీకరించిరి. ఆ సంగీతకర్త పేరు కోజీ కోండో. ఆయన జపాను దేశీయులు. వీడియో ఆటలకు సంగీతము కూర్చిన తొలితరమువారిలో అగ్రగణ్యులు. ఈ మాట వినగనే పెద్దలు కొందరు చిరునవ్వు నవ్వుచున్నారు. పిల్లలు నిటారుగా కూర్చున్నారు. ఆ చిరునవ్వునకును ఈ ఉత్సాహమునకును నడుమ గల దూరమే నేటి నా ప్రసంగవిషయము.

బస్తరు అడవులలో కూర్చుండి జపాను సంగీతమును గూర్చి ముచ్చటించుట వింతగా తోచవచ్చును. కాని ఈ గడ్డకును ఆ దేశమునకును పాత చుట్టరికము కలదు. ఎద్దు మూపురమువలె కనబడుటచేత బైలదిలా యని పేరొందిన కొండలలోని ఇనుపరాతిని జపాను ఉక్కు కర్మాగారములకు పంపుటకై 1960లో ఒడంబడిక జరిగినది. కిరండూలునుండి కొత్తవలసకు రైలుదారి పడినది అందులకే. 1968లో గని పని ప్రారంభమైన పిదప, ఈ కొండల రాయి అరకు సొరంగములు దాటి, విశాఖపట్టణము రేవుకు చేరి, ఓడలమీద జపానుకు వెళ్లెను. తెలుగువారము ఇంతమందిమి ఇచ్చట చేరుటకును ఆ దారియే ఒక కారణము. మన రాయి ఆ దేశమునకు వెళ్లినది. ఆ దేశపు పాట మన పిల్లల చెవులకు వచ్చినది. రాయి లెక్క మన దస్త్రములలో నున్నది. పాట లెక్కను మాత్రము ఎవరును వ్రాయలేదు.

కోండోగారు 1961 ఆగష్టు 13వ తేదీన నగోయా నగరమున జన్మించిరి. అయిదవ యేటనే ఎలక్టోను అను వాద్యమును నేర్చుకొన మొదలిడిరి. అది యమహా సంస్థవారు చేసిన విద్యుత్ హార్మనీ వంటిది. కుడిచేత పాట, ఎడమచేత తోడు స్వరములు, పాదములతో మంద్రస్వరములు పలికింపవలెను. అనగా ఒక్క మనిషియే ముగ్గురు వాద్యగాండ్ర పని చేయవలెను. బాల్యమున అలవడిన ఈ విద్య తరువాత ఎట్లు అక్కరకు వచ్చెనో ముందు మనవి చేసెదను. పెద్దవారైన పిదప ఆయన ఒసాకా కళా విశ్వవిద్యాలయమున చదివిరి. స్నేహితులతో గూడి జాజ్, రాక్ బాణీలు వాయించిరి. శాస్త్రీయ సంగీత విద్వాంసులుగా పేరు పొందినవారు మాత్రము కారు.

1984లో క్యోటో నగరమునందలి నింటెండో సంస్థ సంగీతమునకును ధ్వనులకును మనుష్యులు కావలెనని విశ్వవిద్యాలయమునకు తెలియజేసినది. 1889లో పూల బొమ్మల పేకముక్కలు చేయుటకై పుట్టిన ఆ సంస్థ అప్పటికే ఆట యంత్రములలో పేరు గడించియుండెను. ఆ ప్రకటన చూచి కోండోగారు దరఖాస్తు పెట్టిరి, కొలువులో చేరిరి. అనాటినుండి నాలుగు దశాబ్దములకు పైగా అదే సంస్థలో పని చేసిరి. ఒకే కార్యాలయమున జీవితమంతయు గడపిన ఉద్యోగులు ఈ సభలో ఎందరో కలరు. కావున ఆయనను మనలో ఒకనిగా భావించుటకు మనకు హక్కు కలదని నా నమ్మకము.

ఆయనకు పూర్వము ఆటలలో సంగీతము లేకపోలేదు. 1978లో నిషికాడోగారు నిర్మించిన స్పేస్ ఇన్వేడర్స్ అను ఆటలో నాలుగు స్వరములు మాత్రమే కలవు. అవి పైనుండి క్రిందికి దిగుచు, మరల మొదలగుచుండును. శత్రువులు దగ్గరపడిన కొలదియు వాటి నడక వేగమగును. ఆడువాని గుండెయు దానితోపాటు వేగముగా కొట్టుకొనును. నాలుగు స్వరములతో భయమును పుట్టింపవచ్చునని ఆ ఆట చూపినది. అయితే సాధారణముగా ఆ రోజులలో ధ్వనులను కూర్చినవారు యంత్రపు పని తెలిసిన ఇంజనీర్లే. సంగీతమే తన వృత్తిగా ఆ సంస్థలో అడుగుపెట్టిన మొదటివారిలో కోండోగారు ఒకరు.

ఇప్పుడు ఆయన చేతికి వచ్చిన వాద్యమును గూర్చి చెప్పవలెను. 1983 జూలైలో జపానులో విడుదలయిన ఫ్యామిలీ కంప్యూటర్ అను ఆట పెట్టెలో ధ్వనికై అయిదు మార్గములు మాత్రమే కలవు. అందు రెండు చతురస్రాకారపు అలలను పుట్టించును. వాటి ధ్వని కొంచెము ముక్కుతో పలికినట్లుండును. మూడవది త్రికోణాకారపు అల. మెత్తగా మంద్రమున పలుకును, కాని దాని ధ్వనిని హెచ్చించుటకు తగ్గించుటకు వీలు లేదు. నాలుగవది కేవలము రొద. దానిని తునుకలు చేసిన తాళమువలె వినబడును. అయిదవది ముందుగా పట్టి యుంచిన చిన్న చిన్న శబ్దములను మొరటుగా వినిపించును. ఇంతే సరంజామా. పాటకు రెండు గొంతులు, మంద్రమునకొక గొంతు, డప్పునకు బదులు రొద. ఎలక్టోనుపై రెండు చేతులతో, పాదములతో మూడు వరుసలు వాయించిన బాలునికి ఈ మూడు గొంతుల లెక్క క్రొత్తది కాదు.

పరికరములు తక్కువైనచో సంగీతము తక్కువగునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు జపానుకు పోనక్కరలేదు. మన జగదల్‌పూరు చుట్టుప్రక్కల పల్లెలలో ధన్‌కుల్ అను వాద్యమును మీలో కొందరు చూచియుందురు. ఒక కుండ, దానిమీద బోర్లించిన చేట, చేటమీద ఆనించిన విల్లు, ఇంతే. వింటి కర్రమీద గాట్లు ఉండును. వెదురు పుల్లతో ఆ గాట్లను గీరుచు, వింటినారిని మీటుచు, గురుమాయీలని పిలువబడు స్త్రీలు హల్బీ భాషలో జాగార్ కథలను దినముల తరబడి గానము చేయుదురు. బియ్యము చెరుగు చేట, నీరు పోయు కుండ అక్కడ దేవతల చరిత్రకు శ్రుతియు లయయు నగుచున్నవి. ఇంటిలోని సామగ్రితో ఇతిహాసమును పాడు ఆ తల్లుల ముందు, వాద్యము పేదది గనుక పాటయు పేదది యని ఎవరనగలరు?

కోండోగారి కీర్తికి మూలమైన ఆట సూపర్ మారియో బ్రదర్స్. అది 1985 సెప్టెంబరు 13న విడుదలయినది. ఆటయొక్క నడక, బొమ్మలు, సంగీతము, ధ్వనులు సమస్తమును 40 కిలోబైట్లలో ఇమిడియున్నవి. ఈ లెక్క పెద్దలకు అర్థమగునట్లు చెప్పెదను: నేనిప్పుడు చదువుచున్న ఈ ప్రసంగపాఠమును తెలుగు లిపిలో కంప్యూటరునందు దాచినచో ఇంచుమించు అంతే చోటు పట్టును. ఒక లోకమంతయు ఇంత చోటులో పట్టినపుడు, అందు పాటకు దక్కు వంతు ఎంతయో మీరే ఊహింపుడు. ఒక చరణమును ఎక్కువ వ్రాసిన చోటు చాలదు. మరల మరల వచ్చు భాగములను ఒకమారే వ్రాసి, తిరిగి పిలువవలెను. మంజూరైన పద్దుకు మించి ఒక్క రూపాయి ఖర్చు చేయరాని మన కార్యాలయముల కష్టము ఎట్టిదో, ఇదియు నట్టిదే.

చోటుకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. చలనచిత్రమునకు సంగీతము కూర్చువానికి దృశ్యము ఎంతసేపుండునో ముందే తెలియును. ఆటలో నట్లు కాదు. ఒక బాలుడు ఒక ఘట్టమును నిమిషములో దాటును. మరియొకడు పదిమార్లు పడి లేచును. కావున పాటకు చివర యనునది ఉండరాదు; చివర మొదటితో అతుకు కనబడకుండ కలియవలెను. నూరుమార్లు విన్నను విసుగు పుట్టరాదు. మన కూచిపూడి భాగవతములలో మృదంగము వాయించువాడు నర్తకి పాదముల మీదనే చూపు నిలిపి వాయించును. ఆటలోని సంగీతము ముందే వ్రాసి పెట్టినదైనను, ఆడువాని వ్రేళ్లను చూచి వాయించినట్లే తోచవలెను. ఇది క్రొత్త సమస్య. దీనికి వెనుకటి గురువులు ఎవ్వరును లేరు.

కోండోగారు మొదట ఒక పాటను కూర్చిరి. తయారగుచున్న ఆటను ఆడి చూడగా, మారియో పరుగునకును గంతునకును ఆ పాట నడక సరిపడలేదు. దానిని త్రోసిపుచ్చి మరల వ్రాసిరి. లాటిన్ అమెరికా దేశముల లయకు దగ్గరయైన, గంతులు వేయు నడకతో నేడు లోకమంతయు ఎరిగిన పాట అట్లు పుట్టినది. నేలమీదికి ఒక పాట. భూగర్భమునకు మధ్య మధ్య నిశ్శబ్దముతో తడుముకొని నడచు నట్టి మరియొకటి. నీటి క్రిందికి మూడు మాత్రల వాల్ట్జ్ నడక. కోటలోనికి ఊపిరాడనీయని స్వరముల సుడి. కన్నులు మూసికొని విన్నను బాలునికి తా నెక్కడ నున్నదియు తెలియును. గడియారము నూరు అంకెలకు దిగగనే అదే పాట ఒక్కసారిగా వేగమందుకొనును; చెప్పనక్కర లేకయే తొందరపడుమని చెప్పును.

ఇందొక సూక్ష్మమును గమనింపుడు. మారియో గంతు వేసినపుడును, నాణెము దొరకినపుడును వచ్చు చిరుధ్వనులకు వేరే మార్గములు లేవు. అవియు పాట నడచు మార్గములలోనే పోవలెను. కనుక ఆ క్షణమున పాటలోని ఒక గొంతు తప్పుకొని దారి ఇచ్చును. మరుక్షణమే వచ్చి చేరును. అయినను పాట తెగినట్లు వినువానికి తోచదు. చోటు ఇచ్చి పుచ్చుకొనుట తెలిసిన సంగీతమది. ఇరుకు ఇంటిలో పెద్ద కాపురము చేసిన మన తల్లులకు ఈ విద్య బాగుగ తెలియును.

మరుసటి సంవత్సరము, 1986 ఫిబ్రవరిలో, ది లెజెండ్ ఆఫ్ జెల్డా అను ఆట వచ్చినది. దాని ముఖపత్రమునకు ఫ్రెంచి సంగీతకర్త రావెల్ రచించిన బొలేరో అను ప్రసిద్ధ కృతిని వాడవలెనని మొదట తలచిరి. పని ముగియవచ్చినపుడు దానిపై గ్రంథకర్తృత్వ హక్కు ఇంకను చెల్లిపోలేదని తేలినది. గడువు దగ్గర పడియుండెను. కోండోగారు ఒక్క రాత్రిలో క్రొత్త పాటను కూర్చి ఇచ్చిరి. ఆ ఆటల వరుస నేటికిని ఆ పాటతోనే గుర్తింపబడుచున్నది. నిబంధన అడ్డు రాకున్నచో ఆ పాట పుట్టియే యుండదు. నిబంధనలతో నిత్యము కుస్తీ పట్టు మనబోంట్లకు ఇది కొంత ఊరట.

ఇచ్చట ఒక బాధాకరమైన విషయము చెప్పవలెను. 1985 నాటి మారియో ఆటలో దానిని చేసిన వారి పేర్లు ఎచ్చటను కనబడవు. జెల్డా ఆట చివర పేర్లు వచ్చును గాని, అవియు చాలవరకు అసలు పేర్లు కావు. సంగీతకర్త పేరు అందు కోంచాన్ అని యున్నది, అది ముద్దుపేరు. తమ పనివారిని పోటీ సంస్థలు ఎగరవేసికొని పోవునను భయముచేత ఆ రోజులలో పలు జపాను సంస్థలు ఇట్లు మారుపేర్లు వాడెడివి. 1986లో కాసిల్‌వేనియా ఆటకు పాటలు కూర్చిన కినుయో యమషితా, 1987లో మెగామ్యాన్ ఆటకు కూర్చిన మనామి మత్సుమాయే, ఇరువురును మహిళలే. వారి పాటలను కోట్ల మంది పిల్లలు కూనిరాగము తీసిరి. అవి స్త్రీల రచనలని తెలిసినవారు మాత్రము ఆనాడు అతికొద్దిమంది. ఈ సభలోని ఆడపిల్లలు ఈ రెండు పేర్లను జ్ఞాపకముంచుకొందురు గాక.

1990 తరువాత యంత్రములు బలపడినవి, మార్గములు ఎనిమిదైనవి, వాద్యముల నిజ ధ్వనులను పట్టి వాడుకొనుటకు వీలు కలిగినది. అయినను కోండోగారు పొదుపును మరువలేదు. 1990 నాటి సూపర్ మారియో వరల్డ్‌లో ఒకే బాణీని నేలమీద ఒక తీరున, నీటిలో ఒక తీరున, కోటలో మరియొక తీరున నడిపిరి. మారియో ఒక జంతువుపై ఎక్కినంతనే అదే పాటకు డోళ్ల తాళము వచ్చి చేరును, దిగగనే ఆగును. 1998 నాటి ఆకరీనా ఆఫ్ టైమ్ ఆటలో బాలుడు స్వయముగా అయిదు మీటలతో ఒక పిల్లనగ్రోవి వంటి వాద్యమును మ్రోగింపవలెను. ఒక పాట పగటిని రాత్రిగా మార్చును. ఒకటి వాన కురిపించును. అమృతవర్షిణి రాగమున దీక్షితులవారు ఎట్టయాపురమున వాన కురిపించిరని చెప్పుకొను మనకు ఈ కల్పన పరాయిది కాదు. స్వరమును సరిగా పలికించిన గాని తలుపు తెరువబడదని లక్షల మంది పిల్లలకు నేర్పిన ఆట అది. 2007 నాటి సూపర్ మారియో గెలాక్సీకి మహితో యొకోతాగారితో గూడి పాటలు కూర్చిరి. మూడు గొంతులతో మొదలైన మారియో సంగీతము అందు నిండు వాద్యబృందముతో మ్రోగినది.

2023లో అమెరికా జాతీయ గ్రంథాలయమగు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరుపదగిన ధ్వనిముద్రణల పట్టికలో మారియో పాటను చేర్చినది. వీడియో ఆటల సంగీతమునకు ఆ గౌరవము దక్కుట అదియే ప్రథమము. అదే యేట ఆ పట్టికలో చేరిన వాటిలో జాన్ లెనన్ పాడిన ఇమాజిన్ కూడ కలదు. 2024లో ఆట కళల పరిషత్తువారు కోండోగారిని తమ కీర్తిమందిరమున చేర్చుకొనిరి. పేరైనను వేయని పనికి దాదాపు నలువది యేండ్లకు ఇట్టి గుర్తింపు వచ్చినది.

ఇంతవరకు విని పెద్దలు రెండు ప్రశ్నలు వేయవచ్చును. మొదటిది: ఆటల వ్యసనము పిల్లల చదువును పాడుచేయుట లేదా? చేయుచున్నది, కాదనను. హద్దు లేని ఏ వినోదమైనను అట్టిదే. కాని బిడ్డ ఆటను కట్టిపెట్టింపవలసి వచ్చినపుడు, అందు వినబడు దానిని రొద యని త్రోసివేయక, ఇది ఎట్లు కూర్చిరో చెప్పుమని ఒక్కసారి అడుగుడు. 1990 దశకమున మన ఊళ్లలో అద్దె దుకాణములలో గంటకింత యని రుసుము చెల్లించి మారియో ఆడిన బాలురు నేడు తండ్రులైరి. వారిలో అనేకులకు ఆ పాట నేటికిని కంఠస్థమే. కూర్చినవాని పేరు మాత్రము తెలియదు.

రెండవ ప్రశ్న గట్టిది. జీతమునకు, పై అధికారి చెప్పిన కొలతలకు, గడువు లోపల చేసిన పని కళ యగునా? నిధి వలదని రాజాశ్రయమును కాదన్న త్యాగయ్యను పూజించు జాతి మనది. ఆ మహానుభావుని త్యాగమునకు సాటి లేదు. కాని అదొక్కటియే దారి కాదు. 1951లో మల్లీశ్వరికి సాలూరు రాజేశ్వరరావుగారు, 1957లో మాయాబజారుకు ఘంటసాలగారు చేసినది గడువులకును, కొలతలకును లోబడి చేసిన పనియే. అందుచేత ఆ పాటలకు లోపమేమి వచ్చినది? కొలువు కళను చంపదు. ఈ మాత్రము చాలునులే యను మనస్సు చంపును. మూడు గొంతులు చాలవని కోండోగారు చేతులు ముడుచుకొని కూర్చుండవచ్చును. కుదరని పాటనే దాటవేయవచ్చును. పరిశీలించి అడుగు వారెవ్వరును లేని చోట కూడ మరల వ్రాసిరి. ఆయన గొప్పతనము అందున్నది.

మనలో పెక్కుమంది చేసిన పనిపై మన పేరుండదు. సర్వే రాళ్లమీద పాతినవాని పేరు లేదు; రైలుదారి సొరంగములలో రాయి కొట్టినవాని పేరు లేదు; జనాభా లెక్కల పట్టికలలో ఇల్లిల్లు తిరిగినవాని పేరు లేదు. ఆ పనిని సరిగా చేసితిమా యను ప్రశ్నకు సమాధానము మాత్రము పనిలోనే మిగిలియుండును. ఈ సభలో ఉద్యోగ విరమణకు దగ్గరైన మిత్రులు కొందరు తమ జీవితము కాగితములలో గడచిపోయినదని నిట్టూర్చుట నేను వినియున్నాను. వారికి ఈ కథను అంకితము చేయుచున్నాను.

చివరగా సంఘమునకు రెండు విన్నపములు. సంగీతపు తరగతిలో చేరుదుమని మన పిల్లలు అడిగినపుడు, సంగీతము కూడు పెట్టదని తొందరపడి చెప్పకుడు. అందరికిని అది వృత్తి కాదు, నిజమే. కాని సంగీతము తెలిసినవానికి ఏ వాకిలి తెరువబడునో 1984కు పూర్వము ఆ బాలుని తలిదండ్రులును ఊహించియుండరు. రెండవది: మన ఇరుగుపొరుగున ధన్‌కుల్ మీద జాగార్ పాడు గురుమాయీలను మన వేదికకు సగౌరవముగా ఆహ్వానింతము. వారి అనుమతితో గానమును ధ్వనిముద్రణ చేయింతము. పాడినవారి పేర్లను స్పష్టముగా వ్రాయింతము. ఓరుగల్లునుండి వచ్చిన అన్నమదేవుని వంశము ఈ సీమను ఏలినదని గర్వించు తెలుగువారము, ఈ సీమ పాటకు చెవి యొగ్గుట మన విధి. పేరు తెలియని పాట లోకమున చాల కలదు. మన కాలమున, మన ఎదుట, మరియొకటి అట్లు కాకుండ చూతము.